మోటారు కన్నా ముందు అక్షాంశం

చేత్తో తిప్పే డాబ్సోనియన్ టెలిస్కోపుకు ట్రాకింగ్ ప్లాట్‌ఫారం కొనేవారు మోటారు గురించే ఆరా తీస్తారు. ముందు అడగాల్సింది అక్షాంశం. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. పావు డిగ్రీ కనిపించే ఐపీస్‌లోంచి శనిగ్రహం సుమారు నిమిషంలో జారిపోతుంది. దాన్ని ఆపాలంటే ప్లాట్‌ఫారం ఇరుసు ధ్రువం వైపే చూడాలి. బిలాస్‌పూర్ పక్కనున్న చకర్‌భాటాలో ఆ ఎత్తు 22 డిగ్రీలు. 40 డిగ్రీల యూరప్ కొలతలతో చేసినది ఇక్కడ దండగే. 1970లలో అడ్రియన్ పాన్సే తెచ్చిన నమూనాలోనైతే జారుడు పలక ఇక్కడ 68 డిగ్రీల వాలుకు లేస్తుంది, బరువంతా పక్కకు తోస్తుంది. ఉత్తరాన నిలువు వంపుచెక్క రోలర్ల మీద దొర్లే రకమే మేలు. వడ్రంగి చేత కోయించుకోవచ్చు కూడా. విశాఖకు బదిలీ అయిన రైల్వే కుటుంబం దాన్ని వదిలేసుకోనక్కర్లేదు. 60 సెంటీమీటర్ల పీఠానికి దక్షిణం అంచు కింద నాలుగున్నర సెంటీమీటర్ల చెక్క పెడితే సరి.