“బేస్ లేదు” అని చేతులు దులుపుకుంటే ఎలా?

మొదటి మిడ్ పేపర్లు దిద్దే వారంలో ఏ ఇంజినీరింగ్ కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్నా వినబడే మాట ఇది: “వీళ్ళకి బేస్ లేదు.” ఎవరి గురించో విడమరిచి చెప్పనక్కర్లేదు. సర్కారు బడిలో చదివి, సంక్షేమ హాస్టల్లో ఉండి, తెలుగు మీడియంలో ఎంపీసీ పూర్తిచేసి, ఫీజు రీయింబర్స్‌మెంట్ భరోసాతో సీటులో చేరిన పిల్లల గురించి. చాలా ఏళ్ళుగా గణితం చెబుతున్నాను. ఈ మాట నేనూ అన్నాను. అది తప్పని, ఆ తప్పుకి మూల్యం పిల్లలు కడుతున్నారని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

ఒక ఏడాది ఎం-1 (మొదటి సెమిస్టర్ గణితం) మిడ్‌లో ఒక కుర్రాడు డిటర్మినెంట్ లెక్క ముట్టుకోలేదు. పిలిచి అడిగితే తల వంచుకున్నాడు. బోర్డు మీద మూడు అడ్డు వరసలు, మూడు నిలువు వరసలు అంకెలు వేసి ఇటూ అటూ రెండు గీతలు గీశాను. “ఇది నిర్ధారకం కదా మేడమ్” అంటూ సుద్దముక్క అందుకుని రెండు నిమిషాల్లో చేసేశాడు. అవధి, అవకలనం, సమాకలనం, సదిశలు అన్నీ వచ్చు. తెలుగు అకాడమీ పుస్తకాల్లో రెండేళ్ళు చదువుకున్నాడు మరి. ఆ పేర్లను ఇంగ్లీషులో ఏమంటారో చూపే రెండు పేజీల పట్టిక అతని చేతిలో ఎవరూ పెట్టలేదు. మేమూ పెట్టలేదు.

అందరి ఇబ్బందీ ఇంత తేలికగా తీరుతుందని అనను. భిన్నాల దగ్గర తడబడేవాళ్ళున్నారు, గ్రాఫు చేత్తో గీయని వాళ్ళున్నారు, ప్రయోగశాలలో పరికరం ముట్టకుండా ఇంటర్ దాటిన వాళ్ళున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో చోట తెగింది. ఎక్కడ తెగిందో చూడకుండా అందరినీ ఒకే మాటతో పక్కన పెట్టేశాం.

అసలు ఆ బేస్ అనేది ఎక్కడ దొరుకుతుంది? కార్పొరేట్ జూనియర్ కాలేజీలో లక్షలు కడితే దొరుకుతుంది. వారం వారం పరీక్షలు, స్టడీ అవర్లు, డౌట్లు తీర్చే మనిషి, ర్యాంకు రాకపోతే ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్. తల్లిదండ్రులు కొనిపెట్టిన ఈ సాయాన్ని పిల్లవాడి ప్రతిభ అంటున్నాం. అదే సాయం పేద పిల్లవాడు కాలేజీలో అడిగితే “ఇంటర్ పాఠాలు మళ్ళీ చెప్పడం మా పని కాదు” అంటున్నాం.

సాయం అసలే లేదా అంటే, కాగితం మీద ఉంది. కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ బృందం వచ్చినప్పుడు “స్లో లెర్నర్స్”ను ఎలా గుర్తించారో, వాళ్ళకి ఏం చేశారో చూపాలి. కాబట్టి జాబితా తయారవుతుంది. కొన్నిచోట్ల అది నోటీసు బోర్డెక్కుతుంది. రెమెడియల్ క్లాసు నాలుగు దాటాక వేస్తారు. ఊరికి వెళ్ళే ఆఖరి బస్సు ఆ వేళకే ఉంటుంది. పాఠం చెప్పేది నిన్నగాక మొన్న చేరిన లెక్చరర్. చెప్పేది అవే పాత నోట్సు. నలుగురిలో “స్లో” అనిపించుకున్న పిల్ల అక్కడికి ఎందుకొస్తుంది? రాకపోతే “శ్రద్ధ లేదు” అని ఇంకో ముద్ర వేస్తాం.

1970ల్లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరి ట్రైస్‌మన్ అనే గణిత పరిశోధక విద్యార్థికి ఇదే చిక్కు ఎదురైంది. కాల్‌క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా తప్పుతున్నారు. కారణమేమిటని అధ్యాపకుల్ని అడిగితే మనం ఇక్కడ చెప్పే జాబితానే చెప్పారు: పేదరికం, పునాది లేకపోవడం, పట్టుదల లేకపోవడం, ఇంట్లో ప్రోత్సాహం లేకపోవడం. ఆయన ఆ మాటలు నమ్మి ఊరుకోలేదు. ఇరవై మంది నల్లజాతి విద్యార్థుల్ని, ఇరవై మంది చైనా సంతతి విద్యార్థుల్ని వెన్నంటి ఉండి, ఎలా చదువుతున్నారో చూశాడు. అధ్యాపకులు చెప్పిన కారణాలేవీ నిలబడలేదు. తేడా వేరేచోట కనబడింది. చైనా సంతతి పిల్లలు గుంపుగా కూర్చుని ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటున్నారు. నల్లజాతి పిల్లలు కష్టపడుతున్నారు, కానీ దాదాపు అందరూ ఒంటరిగా. తన తప్పు తనకొక్కడికేనా, అందరికీనా అన్నది తెలిసే దారి లేదు.

అప్పుడు ట్రైస్‌మన్ పెట్టినవి రెమెడియల్ క్లాసులు కావు. మామూలు తరగతిలో ఇచ్చేవాటికన్నా కఠినమైన లెక్కలిచ్చి, కలిసి కూర్చుని చేయమన్నాడు. అందులో చేరినవాళ్ళలో తప్పేవాళ్ళు బాగా తగ్గారు. “చేయూతనిస్తే ప్రమాణాలు పడిపోతాయి” అనే మిత్రులు ఈ సంగతి దగ్గర కాసేపు ఆగాలి. అక్కడ ప్రమాణం పెంచారు, తోడు ఇచ్చారు. మనం ముఖ్యమైన ప్రశ్నలు పది గుర్తుపెట్టి బట్టీ పట్టిస్తున్నాం. ప్రమాణం పడేస్తున్నది మనమే.

తోడుతో పాటు కావలసింది వ్యవధి. ఈ సంగతి మన నేల మీద ఒకసారి ప్రభుత్వమే గుర్తించింది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు పిల్లల్ని పదో తరగతి నుంచే తీసుకున్నారు. రెండేళ్ళు పీయూసీ, నాలుగేళ్ళు బీటెక్, మొత్తం ఆరేళ్ళు ఒకే ప్రాంగణంలో. తర్వాతి ఏళ్ళలో సర్కారు బడి పిల్లల గ్రేడుకి 0.4 కలిపి ఎంపిక చేశారు. లేమిని లెక్కలోకి తీసుకుని, సిద్ధం చేసే పని కూడా ఆ సంస్థలే నెత్తికెత్తుకున్నాయి. తర్వాత ఆ సంస్థల్ని సరిగ్గా పట్టించుకోలేదు, అది వేరే బాధ. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు వారం రోజులు వానలో కూర్చుని రెగ్యులర్ వైస్ ఛాన్సలర్ కావాలని, చాలినంత మంది అధ్యాపకులు కావాలని అడిగారు. పల్లెటూరి పిల్లలకు చదువు మీద శ్రద్ధ లేదనేవాళ్ళు ఆ వారం ఏం చూశారు?

“ముందు బడులు బాగుచేయాలి, కాలేజీలో చేసేదేముంది” అనే వాదన కూడా వింటుంటాను. బడులు బాగుపడాలి, నిజమే. అవి బాగుపడేదాకా, ఇప్పటికే నా ముందు బెంచీలో కూర్చున్న పద్దెనిమిదేళ్ళ అమ్మాయికి ఏం చెప్పాలి? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆమెకు సీటుకయ్యే డబ్బిచ్చింది. ఆమెకు లెక్క అర్థమైందా లేదా అన్నది ఆ ఫైలులో ఏ గడిలోనూ ఉండదు. నాలుగు బ్యాక్‌లాగులు పేరుకుని, సప్లీ ఫీజులు చేతినుంచి కట్టుకుంటూ, చివరికి డిటెయిన్ అయి ఇంటికి వెళ్ళిన పిల్ల మీద ప్రభుత్వం పెట్టిన డబ్బూ వృథా, ఆమె తండ్రి చేసిన అప్పూ వృథా. సీటుతో పాటు మిగతా సాయమూ ఇచ్చి చూసిన చోటు ఒకటుంది. న్యూయార్క్ సిటీ విశ్వవిద్యాలయం 2007లో కమ్యూనిటీ కాలేజీల్లో అసాప్ అనే పథకం మొదలుపెట్టింది. ఫీజులో తక్కువపడ్డది కట్టింది, పుస్తకాలిచ్చింది, రవాణా పాసిచ్చింది, తరచూ కలిసి మాట్లాడే సలహాదారుని ఇచ్చింది. మూడేళ్ళలో డిగ్రీ అందుకున్నవాళ్ళు ఆ సాయం లేనివాళ్ళలో 22 శాతముంటే, అందినవాళ్ళలో 40 శాతం. బస్సు పాసు కూడా చదువులో భాగమేనని వాళ్ళు ఒప్పుకున్నారు.

నేను అడిగేవి పెద్దవి కావు. మొదటి సెమిస్టర్‌లో ఎం-1కి వారానికి ఇంకో నాలుగు పీరియడ్లు కావాలి. అవి టైమ్‌టేబుల్ లోపలే, పగటిపూట, క్రెడిట్లతో ఉండాలి. డిపార్ట్‌మెంట్‌లో అందరికన్నా బాగా చెప్పే అధ్యాపకుడే ఆ తరగతికి వెళ్ళాలి. రాత్రి తొమ్మిదింటికి హాస్టల్లో ఒక గది, ఒక బోర్డు, ఇద్దరు సీనియర్లు ఉండాలి.

నిర్ధారకం కుర్రాడు ఆ ఏడాదే తన పుస్తకం వెనక పేజీల్లో తెలుగు మాటలకు ఎదురుగా ఇంగ్లీషు మాటలు రాసుకోవడం మొదలుపెట్టాడు. సెమిస్టర్ పరీక్షల ముందు ఆ పేజీల జిరాక్సు మా బ్రాంచిలో పాతికమంది దగ్గర కనబడింది. మరుసటి ఏడాది కొత్త బ్యాచ్ చేరిన మొదటి రోజున అదే పట్టిక నేను కాపీలు తీయించి పంచాను.