మోటారు మార్చారా? ఎగరేసే ముందు ఆగండి

పెట్టెలో వచ్చిన మోడల్ రాకెట్ కిట్‌ను చెప్పినట్టే అతికించి, చెప్పిన మోటారే పెట్టి, నియమాల ప్రకారం ఎగరేస్తే అంత భయపడాల్సింది లేదు. పిల్లలు దాంతో తృప్తిపడనప్పుడే ముప్పు మొదలవుతుంది. ఇంకా ఎత్తుకు పోవాలని పెద్ద మోటారు పెడతారు, పైనుంచి వీడియో కోసం కెమెరా కడతారు, అందం కోసం రెక్కలు మారుస్తారు. అమెరికాలో పిల్లల్ని రాకెట్ క్లబ్బులకు పంపుతున్న తెలుగు తల్లిదండ్రులు ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోవాలి: మోటారు మారితే అది కొత్త రాకెట్. పాత రాకెట్ ఎన్నిసార్లు చక్కగా ఎగిరినా ఆ హామీ దీనికి వర్తించదు.

కారణం ఇదీ. రాకెట్‌ను ఎక్కడ దారం కట్టి వేలాడదీస్తే సమంగా నిలుస్తుందో అది గురుత్వ కేంద్రం. పక్కనుంచి గాలి తోపు మొత్తం పనిచేసే చోటు పీడన కేంద్రం. మొదటిది రెండోదానికంటే ముక్కు వైపు, కనీసం గొట్టం వ్యాసమంత ముందుండాలి. అప్పుడే రాకెట్ కాస్త ఒరిగినా గాలే దాన్ని సరిచేస్తుంది. ఈ వరుస తారుమారైతే రాకెట్ గాలిలో పల్టీలు కొడుతుంది, మంట చిమ్ముతూనే జనం మీదికి తిరగొచ్చు. మోటారు ఉండేది తోక దగ్గర. బరువైన మోటారు పెట్టగానే గురుత్వ కేంద్రం వెనక్కి జరుగుతుంది. రెక్కల దగ్గర దట్టంగా పూసిన జిగురు, రంగు కూడా అదే పని చేస్తాయి.

దీనికి విరుగుడుగా ముక్కులో మట్టిముద్ద పెడతారు. సమతూకం వస్తుంది, కానీ బరువూ పెరుగుతుంది. మోటారు తోపు రాకెట్ బరువుకు కనీసం 5 రెట్లు ఉండాలన్నది అనుభవజ్ఞులు పాటించే లెక్క. అది తగ్గితే రాకెట్ తనను నిటారుగా నడిపించే లాంచ్ రాడ్‌ను నెమ్మదిగా వదులుతుంది. వేగం లేనిదే రెక్కలు పనిచేయవు కాబట్టి గాలికి ఎదురుగా వాలి అడ్డంగా దూసుకుపోతుంది. అందుకే సమతూకాన్నీ మోటారునూ విడివిడిగా చూడకూడదు.

మోటారు మీది అంకెలు చదవడం నేర్చుకోండి. సి6-5 అన్నదాంట్లో అక్షరం మొత్తం ప్రచోదనం, అంటే తోపును అది పనిచేసే కాలంతో గుణిస్తే వచ్చేదాని తరగతి. సి గరిష్ఠం 10 న్యూటన్-సెకన్లు, డి గరిష్ఠం 20. ప్రతి అక్షరానికీ హద్దు రెట్టింపవుతుంది. 6 అంటే సగటు తోపు, న్యూటన్లలో. 5 రెట్ల లెక్క ప్రకారం అది మోయదగింది సుమారు 120 గ్రాములు, అదీ మోటారుతో కలిపి. చివరి 5 అంటే మందు కాలిపోయాక పారాచూట్‌ను బయటికి నెట్టడానికి పట్టే సెకన్లు. ఎక్కువమంది పట్టించుకోనిది ఈ అంకెనే. బరువైన రాకెట్‌లో సి6-7 పెడితే పారాచూట్ తెరుచుకునేలోపే అది ముక్కు కిందికి పెట్టి నేలను గుద్దొచ్చు. సి6-0 బహుళ దశల రాకెట్లలో కింది దశకు మాత్రమే. ఒంటి దశ రాకెట్‌లో ఎన్నడూ పెట్టకండి.

మార్చిన ప్రతిసారీ మోటారు, పారాచూట్, దాన్ని వేడి నుంచి కాపాడే వ్యాడింగ్ అన్నీ ఎక్కించాకే రాకెట్‌ను తూచండి, సమతూక బిందువు గుర్తించండి. పీడన కేంద్రం లెక్కకు జేమ్స్ బారోమన్ 1966లో ఇచ్చిన పద్ధతి ఉంది; ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఆ లెక్క కట్టిపెడుతుంది. అమెరికా జాతీయ రాకెట్రీ సంఘం నియమావళి ప్రకారం డి వరకు మోటార్లకు 15 అడుగులు, అంతకు పెద్దవాటికి 30 అడుగుల దూరంలో ఉండాలి. పరీక్షించని రాకెట్ అయితే ముందు స్థిరత్వం చూసుకుని, చూసేవాళ్లను హెచ్చరించి, ఇంకా దూరం పంపాకే మీట నొక్కాలి. వెలగకపోతే లాంచర్ తాళంచెవి బయటికి తీసేసి 60 సెకన్లు ఆగాలి. ముక్కుకూ గొట్టానికీ రెక్కలకూ లోహం వాడనే కూడదు.

మోటారును విప్పడం, సొంతంగా మందు కూరడం మాత్రం ఎవరూ ఎక్కడా చేయొద్దు. 1957లో స్పుత్నిక్ ఎగిరిన ఉత్సాహంలో అమెరికా కుర్రాళ్లు గొట్టాల్లో మందు కూరి గాయపడ్డారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపిన ఆర్విల్ కార్లైల్ తయారుచేసిన మోటారును చూసి, ఇంజనీరు హ్యారీ స్టైన్ తయారైన మోటారునే వాడే ఈ సురక్షిత పద్ధతిని దేశమంతా వ్యాపింపజేసింది ఆ ఘోరాన్ని ఆపడానికే. ఆంధ్ర, తెలంగాణల్లో వీడియోలు చూసి బాణసంచా మందుతో గొట్టాలు నింపాలనుకునే విద్యార్థులకూ ఇదే హెచ్చరిక. లైసెన్సు లేకుండా పేలుడు పదార్థం తయారుచేయడం 1884 పేలుడు పదార్థాల చట్టం కింద నేరం కూడా.

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, లాంచర్ తాళంచెవి మీ చేతిలోనే ఉంచుకోండి. ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి. మోటారుతో కలిపి బరువెంత? సమతూక బిందువు పీడన కేంద్రానికి ఎంత ముందుంది? పారాచూట్‌కు ఎన్ని సెకన్లు? జవాబు అంకెల్లో రాకపోతే ఆ రోజు ఆ రాకెట్ ఎగరకూడదు.