తలకు తగిలే దెబ్బ ఆటలో భాగం కాదు



ఈ వారం మధుమేహం గురించి రాయాలని అనుకున్నాను. దానిని వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. కారణం మా మనవడు. సిడ్నీ నగరంలో పుట్టి పెరిగిన ఆ పిల్లవాడికి రగ్బీ లీగ్ అంటే ప్రాణం. మొన్న ఫోనులో మాట్లాడుతూ, "తాతయ్యా, 2021లో మా ఆటను పాడుచేసింది మీ డాక్టర్లే" అన్నాడు. ఆ మాట వాడి సొంతం కాదు. ఆస్ట్రేలియాలో మాజీ ఆటగాళ్ళు, వ్యాఖ్యాతలు, అభిమానులు ఆ ఏడాది పదేపదే అన్నదే. వాడు ఇంకా చిన్నవాడు గనుక వాడిని ఏమీ అనలేదు. పెద్దలకు మాత్రం సమాధానం చెప్పవలసి ఉన్నది.

కబడ్డీ చూసినవారికి ఈ ఆట తెలియడం కష్టం కాదు. బంతిని పట్టుకొని దూసుకువచ్చేవాడిని ఎదుటి జట్టువారు పట్టి నేలకు దించాలి. దీనినే ట్యాకిల్ అంటారు. జట్టుకు 13 మంది, ఆట 80 నిమిషాలు. అయితే ఇక్కడ నూరు కిలోల మనిషి పరుగున వచ్చి మరో నూరు కిలోల మనిషిని ఢీకొంటాడు. శిరస్త్రాణం ఉండదు. కొందరు మెత్తని టోపీ వంటిది ధరిస్తారు. అది చర్మం చిట్లకుండా కాపాడుతుందే తప్ప లోపల మెదడు అదరకుండా ఆపలేదు. మెడకు పైన కొట్టరాదన్న నియమం ఈ ఆటలో ఏనాటి నుండో ఉన్నది. 2021లో కొత్తగా వచ్చినది నియమం కాదు, దానిని గట్టిగా అమలు చేయాలన్న పట్టుదల.

ఆ ఏడాది మే 14 నుండి 16 వరకు బ్రిస్బేన్‌లోని ఒకే మైదానంలో ఎనిమిది మ్యాచులూ జరిగాయి. దానిని 'మ్యాజిక్ రౌండ్' అంటారు. తలపై దెబ్బలను ఇక సహించబోమని లీగ్ అధ్యక్షుడు పీటర్ వ్లాండిస్ వర్గం ముందే ప్రకటించింది. ఆ మూడు రోజులలో 14 మందిని పది నిమిషాల పాటు బయట కూర్చోబెట్టారు, ముగ్గురిని పూర్తిగా పంపివేశారు. ఇక చూడండి, ఎంత గగ్గోలు! ఆటలో పస పోయిందన్నారు, మగతనం పోయిందన్నారు. సీజను నడుమ ఒక్కసారిగా కట్టుదిట్టం చేయడం సరికాదన్న అభ్యంతరంలో కొంత న్యాయం ఉన్నదని నేనూ ఒప్పుకుంటాను. కానీ అదే రౌండులో మెల్‌బోర్న్ జట్టు ఆటగాడు రయన్ పాపెన్‌హైజెన్ తలకు దెబ్బ తగిలి వారాల తరబడి ఆటకు దూరమయ్యాడు. పస గురించి బాధపడినవారిలో ఎందరు అతని గురించి బాధపడ్డారు?

"లేచి నిలబడ్డాడు కదా, ఇంకేమైంది?" ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగంలో స్కూటరు మీద నుండి పడినవారి బంధువులు నన్ను అడిగిన ప్రశ్న అదే. బ్రిస్బేన్ ప్రేక్షకుడూ అదే అడిగాడు. మెదడు కపాలంలోని ద్రవంలో తేలుతూ ఉండే మెత్తని పదార్థం. తల ఒక్కసారిగా గిరుక్కున తిరిగినప్పుడు ఆ మెత్తని పదార్థం మెలిపడి, లోపలి సన్నని నాడీతంతువులు సాగుతాయి. దీనినే కంకషన్ అంటాము. ఎక్కువమందికి స్పృహ తప్పదు. సీటీ స్కాన్‌లో ఏమీ కనిపించదు. తలనొప్పి, వాంతి, వెలుతురు సహించలేకపోవడం, అడిగిందే అడగడం, చిరాకు, నిద్ర చెడడం, ఇవే ఆనవాళ్ళు. మెదడు కోలుకోకముందే రెండవ దెబ్బ తగిలితే నష్టం మొదటి దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కావచ్చు. చిన్న వయసువారిలో అరుదుగా ప్రాణమే పోతుంది. ఏళ్ళ తరబడి పదేపదే దెబ్బలు తిన్న కొందరి మెదడులో టౌ అనే ప్రోటీను పేరుకొని క్షీణత మొదలవుతుంది. సీటీఈ అనే ఈ వ్యాధిని మరణానంతరం మెదడును పరీక్షించి మాత్రమే నిర్ధారించగలరు. సిడ్నీలోని మైకేల్ బక్‌లాండ్ బృందం ఇద్దరు మాజీ రగ్బీ లీగ్ ఆటగాళ్ళ మెదళ్ళలో దీనిని గుర్తించినట్లు 2019లోనే వెల్లడించింది. కనుక 2021లో "మాకు తెలియదు" అనే హక్కు ఎవరికీ లేదు.

ఆ సీజనులోనే సిడ్నీ రూస్టర్స్ జట్టు ఇద్దరు నాయకులను కోల్పోయింది. ఏప్రిల్‌లో జేక్ ఫ్రెండ్, 31 ఏళ్ళకు. జూన్‌లో బాయిడ్ కార్డ్‌నర్, 29 ఏళ్ళకు. ఇద్దరూ విరమించినది మోకాలు అరిగి కాదు, కంకషన్ల వల్ల.

నా అసలు కోపం పాలకులు కఠినంగా ఉన్నారని కాదు, సగం దారిలో ఆగారని. ఒక చేత్తో తలను కాపాడతామన్నారు, మరో చేత్తో ఆట వేగం పెంచారు. పట్టిపడవేసిన చోట తప్పు జరిగితే ఆట ఆపి పెనాల్టీ ఇచ్చే బదులు, ఆట సాగుతూనే మరో ఆరు ట్యాకిళ్ళ అవకాశం ఇచ్చే పద్ధతిని 2020లో తెచ్చారు. 2021లో దానిని మరికొన్ని తప్పులకు విస్తరించారు. ఊపిరి తీసుకునే విరామం తగ్గిపోయింది. అలసిన మనిషి నడుము వంచడు. నిటారుగా నిలబడి చేతులు విసురుతాడు. అప్పుడు తలకు తల, తలకు భుజం తగులుతాయి. ఇది తెలుసుకోవడానికి వైద్య పట్టా అక్కరలేదు, సంక్రాంతి కబడ్డీ పోటీల చివరి నిమిషాలు చూసినా చాలు.

ఆగస్టు 27న ఆ సగం పని ఫలితం కనబడింది. సౌత్ సిడ్నీకి చెందిన లాట్రెల్ మిచెల్ తన పాత సహచరుడు జోసెఫ్ మానును ముఖంపై భుజంతో కొట్టాడు. చెంప ఎముక విరిగింది, మాను సీజను ముగిసింది. మిచెల్‌కు మైదానంలో పడిన శిక్ష పది నిమిషాలు! తరువాత ఆరు మ్యాచుల నిషేధం విధించారు, నిజమే. అయితే అధికారులను బహిరంగంగా విమర్శించినందుకు రూస్టర్స్ శిక్షకుడు ట్రెంట్ రాబిన్సన్‌కు 20,000 డాలర్ల జరిమానా వేశారు. మే నెలలో పంపివేతలు ఎక్కువయ్యాయని ఏడ్చిన గొంతులకు ఆగస్టులో ఏమి సమాధానం ఉన్నది? మిచెల్ లేని సౌత్ సిడ్నీ అక్టోబరు 3న జరిగిన ఫైనల్‌లో పెన్రిత్ చేతిలో 14–12 తేడాతో ఓడింది. తల మీద దెబ్బ కొట్టినవాడి జట్టునూ విడిచిపెట్టలేదు.

"వారికి డబ్బు ఇస్తున్నారు, ప్రమాదం తెలిసే ఆడుతున్నారు" అని కొందరు అంటారు. సరే. గని కార్మికుడికీ జీతం ఇస్తారు, అందువల్ల కప్పు కూలితే కూలనీ అంటామా? పైగా కంకషన్‌లో దెబ్బ తినేది నిర్ణయం తీసుకునే అవయవమే. మైకంలో ఉన్న ఆటగాడు "నేను బాగున్నాను, ఆడతాను" అంటే దానిని సమ్మతిగా తీసుకోవడం వైద్యధర్మం కాదు. అందుకే ఆ నిర్ణయం అతనికీ, అతని శిక్షకుడికీ కాక జట్టుతో సంబంధంలేని వైద్యుడికి ఉండాలి. అటువంటి వైద్యుడిని వీడియో గదిలో కూర్చోబెట్టడం 2022లో గాని మొదలు కాలేదు.

మనవడికి ఇదంతా ఫోనులోనే చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, పోయిన నెల బడి మ్యాచులో తనకూ తల తిరిగిందని, జట్టులోనుండి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదని అన్నాడు. ఫోను వాళ్ళమ్మకు ఇమ్మన్నాను.