షెడ్యూలా? స్కెడ్యూలా?



ఈ నెల నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మా సంఘంలో యౌవనస్థుల కూడిక జరిగింది. డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి ఆనాటి కార్యక్రమ వివరాలను ఇంగ్లీషులో చదువుతూ "స్కెడ్యూల్" అంది. వేదిక మీద ఉన్న నేను ఊరుకోలేక, "షెడ్యూల్ అనాలమ్మా" అని మైకులోనే దిద్దాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి మిగతాది తలెత్తకుండా చదివేసి కూర్చుంది. మళ్లీ ఎప్పుడు పిలిచినా చదవడానికి ముందుకు రాలేదు.

రెండు నెలల తర్వాత వారింటికి వెళ్లినప్పుడు తండ్రి అన్నాడు: "అయ్యగారూ, తనకి ఇంగ్లీషు రాదని అందరికీ తెలిసిపోయిందట. ఉద్యోగం ఇంటర్వ్యూకి కూడా వెళ్లనంటోంది."

ఆ రాత్రి నిఘంటువు తీశాను. రెండు ఉచ్చారణలూ అందులో ఉన్నాయి! "షె" బ్రిటిషు వారి అలవాటు, "స్కె" అమెరికా వారి అలవాటు. నేడు ఇంగ్లండులో కూడా యువతరంలో చాలామంది "స్కె" అనే అంటున్నారు. ఇంకా వెనక్కి వెళితే, 1791లో లండనులో వెలువడిన జాన్ వాకర్ ఉచ్చారణ నిఘంటువు ఈ మాటను "సెడ్యూల్" అని పలకమంది. ఆ కాలంలో నేనక్కడ ఉంటే నన్నే ఎవరో ఒకరు దిద్ది ఉండేవారు!

ఎందుకీ తేడాలు? విలియం కాక్స్టన్ 1476లో ఇంగ్లండుకు అచ్చుయంత్రం తెచ్చాడు. క్రమంగా అక్షరాల కూర్పు స్థిరపడింది. నాలుక మాత్రం ఆగలేదు. దాదాపు 1400 నుండి 1700 వరకు ఆ భాషలోని దీర్ఘ అచ్చులన్నీ స్థానం మార్చుకున్నాయి. ఆ మార్పు ఇంకా సాగుతుండగానే 17వ శతాబ్దంలో ఎందరో సముద్రం దాటి అమెరికాలో స్థిరపడ్డారు. ఆపైన ఎవరి పలుకు వారిది. "కార్", "వాటర్" వంటి మాటల చివరనున్న "ర" శబ్దాన్ని లండను వారు తర్వాత వదిలేశారు. అమెరికాలో ఎక్కువమంది, స్కాట్లండు వారు నిలుపుకున్నారు. మనమూ పలుకుతాం.

టొమాటో అనేవారున్నారు, టొమేటో అనేవారున్నారు. ఈదర్ అన్నా, ఐదర్ అన్నా ఒకటే. "ఆఫెన్" అని కొందరు, వ్రాతలో "ట" ఉంది కదా అని "ఆఫ్టెన్" అని కొందరు. ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో బస్సును "బుస్" అన్నట్టు పలికేవారు ఎందరో. వీరంతా పుట్టుకతో ఇంగ్లీషువారే!

తేడా ఉండడం దోషం కాదు. ఆ తేడాతో మనిషిని తూచడమే దోషం. ఉత్తర ఐర్లండు సంగతి చూడండి. ఎనిమిదవ ఇంగ్లీషు అక్షరాన్ని అక్కడ ప్రొటెస్టెంటులు సాధారణంగా "ఏచ్" అంటారు, కాథలిక్కులు "హేచ్" అంటారు. మన బడుల్లో చెప్పే "హెచ్" ఈ రెండో దానికి దగ్గర. 1960ల చివర మొదలై 1998 ఒప్పందం వరకు సాగిన ఘర్షణల్లో అక్కడ సుమారు 3,500 మంది మరణించారు. ఆ రోజుల్లో ఈ ఒక్క అక్షరాన్ని బట్టి ఎదుటివాడు ఏ పక్షమో పోల్చుకునేవారు. ఇరువురూ క్రీస్తు నామం ధరించినవారే.

మనకిది కొత్త సంగతి కాదు. న్యాయాధిపతులు 12వ అధ్యాయంలో యొర్దాను రేవు దగ్గర గిలాదువారు చేసిన పని గుర్తుందా? "షిబ్బోలెతు" అనలేక "సిబ్బోలెతు" అన్న ఎఫ్రాయిమీయుణ్ణి అక్కడే చంపారు. ఆ కలహంలో పడినవారు నలువది రెండు వేలమంది. చంపినవారూ చచ్చినవారూ ఒకే ఇశ్రాయేలు సంతానం. మైకు పట్టుకున్న నేనూ ఆనాడు ఆ రేవు దగ్గరే నిలబడ్డాను.

ఎలా పలికినా ఫరవాలేదని నేననడం లేదు. వినేవారికి అర్థమయ్యేలా పలకడం నేర్చుకోవాలి, నేర్పాలి. అయితే తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, దిద్దే ముందు నిఘంటువు చూడండి. నిజంగా తప్పే అయితే పక్కకు పిలిచి చెప్పండి. పదిమందిలో చెప్పకండి.

మరుసటి ఆదివారం అదే మైకులో ఆ అమ్మాయిని క్షమాపణ అడిగాను. తల వంచుకునే చిన్నగా నవ్వింది. ఇంటర్వ్యూకి వెళ్లింది. సంఘంలో మళ్లీ చదవడానికి మాత్రం ఏడాది పట్టింది. దిద్దడానికి నాకు పట్టింది ఒక్క క్షణమే!