గేరుబాక్సు దించే ముందు

గేరు మార్చడానికి ఎడమచెయ్యి చాలు. గేరుబాక్సు మార్చడానికి ఇంటిల్లిపాదీ కావాలి. మా మల్యాలలో జోరైన కారు కొన్న కుర్రవాడి మనసు ముందు కొండగట్టు అంజన్న పూజ మీదికి, తర్వాత కారును వాకిట్లోనే విప్పడం మీదికి పోతుంది. ఆ సరదాను నేను కాదనను. కాని జాకీ ఉన్నది కారును లేపడానికే, నిలిపి ఉంచడానికి కాదు. గట్టినేల మీద స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు వేసి, బ్యాటరీ తీగ విప్పాకనే కిందికి దూరాలి.

గేరుబాక్సు రొమ్ము మీద దించుకునే బరువు కాదు; దానికి వేరే జాకీ, తోడు ఇంకో మనిషీ ఉండాలి. ఎలాగూ దించారు కనుక క్లచ్ ప్లేటూ, బేరింగూ అప్పుడే చూసుకోవాలి. ప్లేటు సరిగ్గా నడిమికి కూర్చోకపోతే షాఫ్టు దూరదు. దూరలేదని బోల్టులు బిగించి లాగితే హౌసింగు పగులుతుంది. ఆఖరున గేరునూనె మరవకూడదు.

పని అయ్యాక తొలి పరీక్ష చదును రోడ్డు మీదనే. ఘాటు దిగేటప్పుడు బండిని పట్టి ఉంచేది చిన్న గేరు. అది జారితే భారమంతా బ్రేకులదే. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. కారణాల మాట అటుంచి, ఆ దిగుడు ఎంతటిదో మా ఊరు మరవలేదు.

తల్లులారా, కుర్రవాడు కారు కిందికి దూరేముందు స్టాండ్లున్నాయో లేదో మీరూ ఒకసారి వంగి చూడండి.