పేరు ప్రైమరీ కీ కాదు మహాప్రభో!

తాత పేరు మనవడికి పెట్టడం మనవాళ్ళ అలవాటు. ఆ తాతకి ముగ్గురు కొడుకులుంటే ముగ్గురూ పెడతారు. ఇంటిపేరూ, పేరూ, ఊరూ అన్నీ ఒకటే. అయినా ఊళ్ళో ఎవరికీ ఇబ్బంది లేదు. పెద్ద సుబ్బారావు, చిన్న సుబ్బారావు, మిల్లు సుబ్బారావు. చదువురాని ముసలమ్మ కూడా ఎక్కడా తడబడదు. తడబడేదల్లా మనం రాసిన సాఫ్ట్‌వేరే.

రేపల్లె, బాపట్ల వైపు వాళ్ళకి కాస్త పెద్ద జబ్బు చేస్తే తెనాలికో గుంటూరుకో పరిగెడతారు. కౌంటర్లో కుర్రాడు పేరు కొడతాడు, లిస్టు వస్తుంది, పైన ఉన్నదాని మీద నొక్కుతాడు. అంతే! చిన్న సుబ్బారావు గారి పరీక్షలు పెద్ద సుబ్బారావు గారి బిల్లెక్కుతాయి. డిశ్చార్జి రోజు ఇదేంటని అడిగితే ఒకటే జవాబు... "చిన్న మిస్టేకే సార్, సిస్టంలో అలా పడిపోయింది."

దానంతటది పడదండీ. ఎవరో ఒకరు పడేస్తేనే పడుతుంది.

ఈ "చిన్న మిస్టేక్" అనే మాటతోనే నా గొడవంతా. బిల్లంటే డబ్బులు కట్టిన కాగితం ఒక్కటే అనుకుంటున్నాం. ఎవరికి ఏం వైద్యం చేశారో చెప్పే రికార్డు కూడా అదే. పక్కాయన సుగర్ పరీక్ష మీ నాన్నగారి బిల్లులో ఉందంటే, ఆ రిపోర్టు కూడా ఆయన ఫైల్లోకి చేరి ఉండొచ్చు. డబ్బుదేముంది, ఐదొందలో వెయ్యో పోతుంది. రేపు ఇంకో డాక్టరు ఆ ఫైలు చూసి మందు రాస్తే? తారుమారైంది రక్తం గ్రూపు కాగితమైతే? ఇన్సూరెన్సు వాడు "పాత సుగర్ దాచారు" అని క్లెయిము కొట్టేస్తే?

రోగిని కనీసం రెండు గుర్తులతో పోల్చుకోవాలనీ, గది నంబరు అందులో ఒకటి కాకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. పేరూ పుట్టినతేదీ సరిపోతాయి అనుకుంటే మన దగ్గర అవీ మోసం చేస్తాయి. పేరు సంగతి చూశాం. ఇక పుట్టినతేదీ... మన పెద్దవాళ్ళలో ఎంతమందికి బళ్ళో మాస్టారు వేసిన జులై 1 ఉందో మీకు తెలియనిదా! ఫోన్ నంబరు అంటారా, ఇంటిల్లిపాదికీ కలిపి హైదరాబాదులో ఉన్న కొడుకుదే ఇస్తారు. పోనీ అడ్రసు? 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చి రేపల్లె బాపట్ల జిల్లాలోకి పోయింది, తెనాలి గుంటూరులోనే ఉంది. ఒకే మనిషి పాత పాలసీలో గుంటూరు జిల్లా, కొత్త కాగితంలో బాపట్ల జిల్లా.

"అక్కడ జనం ఎలా ఉంటారో చూశావా, ఆ కుర్రాడు మాత్రం ఏం చేస్తాడు?" అంటారు. నేనూ అదే అంటున్నా. తప్పు కుర్రాడిది కాదు. ఒకే పేరుతో నలుగురున్నప్పుడు ఆపి, తండ్రి పేరో భర్త పేరో అడగని సాఫ్ట్‌వేర్‌ది. అది మనలాంటి వాళ్ళకి ఒక పూట పని. ఆస్పత్రి ఇచ్చే రోగి నంబరు ఉంది. దేశమంతటా 2021లో మొదలైన 14 అంకెల ఆభా నంబరూ ఉంది. అవి వదిలేసి పేరుతో వెతకనివ్వడం ఏం డిజైను? ఇంకోటి, "మీరు సుబ్బారావు గారేనా?" అంటే చెవులు సరిగా వినపడని పెద్దాయన దేనికైనా ఊఁ అంటాడు. "మీ పేరు చెప్పండి" అని అడగాలి.

ఇక మన వంతు. ఆఫీసులో బగ్గు నాది కాదని రెండ్రోజులు మెయిళ్ళతో కొట్టుకునే మనం, నాన్న ఫోన్ చేస్తే ఏమంటాం? "పోన్లే నాన్నా, కట్టేసి వచ్చెయ్యి, నేను డబ్బులు పంపిస్తా." కట్టేస్తే తప్పు పోతుందా? ఆ రికార్డు మాదేనని మనమే ఒప్పుకున్నట్టవుతుంది.

చేయాల్సింది పెద్ద కష్టమేం కాదు. ఏ రోజుకి ఏ ఖర్చో విడివిడిగా రాసిన బిల్లు అడగండి. ప్రతి కాగితం మీదా రోగి నంబరు ఒకటేనా చూడండి. పెన్నుతో కొట్టేసి దిద్దిస్తే ఒప్పుకోకండి, కొత్త బిల్లు తీయమనండి. ఫైల్లో చేరిన పరాయి రిపోర్టులు తీసేయమని రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. రోగి అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లోనే ఉంది. ఇన్సూరెన్సు కంపెనీ నెలలోగా తేల్చకపోతే హైదరాబాదులో అంబుడ్స్‌మన్ ఉన్నాడు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2019 చట్టం వచ్చాక మనం ఉంటున్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు టీవీ కట్టేసి, అమ్మానాన్నల ఆస్పత్రి ఫైళ్ళు బయటికి తీయండి. అందులో ఎవరివో కాగితాలు కనపడితే, బిల్లు ఎప్పుడో కట్టేసినా సరే, తీసుకెళ్ళి ఆ కౌంటర్ మీద పెట్టండి. ఆ కాగితం నిజంగా ఎవరిదో, వాళ్ళింట్లో వాళ్ళు దానికోసమే వెతుక్కుంటూ ఉండొచ్చు.