తలుపు తెరిచాకే టైలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి రోల్‌ప్లేయింగ్ ఆటలకి మొదటి పెట్టుబడి మాట. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టరై లోకాన్ని వర్ణిస్తారు. మిగతావాళ్లు తలో పాత్రా తీసుకుని అందులో తామేం చేస్తారో చెబుతారు. ఫలితం తేలనిచోట పాచికలు వేస్తారు. చాలాసేపు ఇదంతా మాటల మీదే నడిచిపోతుంది. పోరాటం మొదలై, తలుపుకి అడ్డంగా ఎవరున్నారు, బాణం ఎవరిదాకా వెళుతుంది అన్న ప్రశ్న వచ్చినప్పుడే ఒక్కొక్కరి మనసులో ఒక్కో గది ఉందని బయటపడుతుంది. అక్కడ పటం అవసరమవుతుంది. ఆ పటాన్ని ముక్కలుగా చేసినవే మాడ్యులర్ టైల్స్: ఒక ముక్క మీద నడవా, ఇంకోదాని మీద గది, మరోదాని మీద మెట్లు, ఎటు తిప్పి పెట్టినా అంచులు కలిసేలా. ఇవి ఉండాల్సినవే అని నా గట్టి నమ్మకం. అయితే వాటి గొప్పతనంగా అందరూ చెప్పుకునేది అసలు గొప్పతనం కాదు. అందువల్లే వాటిని పరిచే తీరులో పొరపాటు జరుగుతోంది.

అందరూ చెప్పే గొప్పతనం వైవిధ్యం. లెక్క చూస్తే నిజమే అనిపిస్తుంది. ఆరు చదరపు టైల్స్‌ని మూడేసి చొప్పున రెండు వరసల్లో పేర్చాలంటే, ఏది ఎక్కడ అన్నదానికి 720 విధాలున్నాయి. ఒక్కోదాన్ని నాలుగు వైపులకీ తిప్పవచ్చు కాబట్టి దాన్ని 4,096తో హెచ్చవేయాలి. 29,49,120 వస్తుంది. మొత్తం పటాన్ని బల్ల అవతలి వైపు నుంచి చూస్తే కనిపించేవాటిని వేరుగా లెక్కపెట్టకపోయినా 14,74,560 మిగులుతాయి. కానీ ఏ అంచు ఏ అంచుతోనైనా కలవాలంటే దారులన్నీ అంచుల దగ్గర ఒకేచోట తెరుచుకోవాలి. 1970లో అవలాన్ హిల్ తెచ్చిన పాంజర్‌బ్లిట్జ్ యుద్ధక్రీడలో మూడు బోర్డుల్నీ రకరకాలుగా కలపగలిగేది ఈ నియమం వల్లే. 1976లో టీఎస్ఆర్ సంస్థ కత్తిరించి పేర్చుకోమని అచ్చువేసిన డంజన్ జియోమార్ఫ్స్‌కీ ఇదే నియమం. అమరికలు లక్షల్లో ఉన్నా ఆటగాడి అనుభవం మాత్రం మళ్లీ మళ్లీ ఒకే కొలత నడవాలో, గోడకి ఒకేచోట ఉండే ద్వారంలో పడుతుంది. వైవిధ్యమే కావాలంటే తెల్లకాగితం, పెన్సిలు చాలు. అవి ఏ టైల్స్ పెట్టెకన్నా ఎక్కువ ఇస్తాయి.

మరి టైల్స్ దేనికి? ఈ ప్రశ్నకి రెండువందల ఏళ్ల కిందటే ఒక తండ్రీకొడుకుల మధ్య సగం జవాబు దొరికింది. 1812లో గియోర్గ్ లియోపోల్డ్ ఫాన్ రైస్‌విట్జ్ అనే ఆయన ప్రష్యా రాజు మూడో ఫ్రెడ్రిక్ విల్‌హెల్మ్‌కి ఒక పెద్ద బల్ల బహూకరించాడు. దాని మీద యుద్ధభూమి చదరపు పలకలుగా ఉండేది. గుట్టలు, ఏళ్లు, ఊళ్లు ఉన్న ఆ పలకల్ని కావలసినట్టు మార్చి పేర్చి ఏ యుద్ధరంగాన్నైనా కల్పించుకోవచ్చు. ఫిరంగిదళంలో అధికారి అయిన కొడుకు ఆ ఆటని మెరుగుపరిచి 1824లో తీసుకొచ్చినప్పుడు పలకల్ని పూర్తిగా వదిలేశాడు. వాటి స్థానంలో 1:8000 స్కేలులో గీసిన కాగితపు పటాలు పెట్టాడు. ప్రష్యా సైన్యం స్వీకరించింది కొడుకు ఆటనే. అతను చేసింది సరైన పనే. సైన్యం కదిలేది తన దగ్గర పటం ఉన్న నేల మీద. కొండ ఎక్కడుందో సేనానికి తెలుసు, ఆ కొండ వెనక శత్రువు ఉన్నాడో లేడో తెలియదు. అందుకే ఆ ఆటలో పటం ముందే పరిచి ఉంటుంది. రెండు పక్షాలకీ ఒకరికొకరు కనబడే దళాల్ని మాత్రమే అంపైరు దాని మీద పెడతాడు.

రోల్‌ప్లేయింగ్ ఆటలో పరిస్థితి సరిగ్గా తిరగబడుతుంది. పాడుపడిన కోట కింది సొరంగంలోకి దిగేవాళ్లకి శత్రువు సంగతి అటుంచి, అడుగు పెట్టబోయే నేలే తెలియదు. వైకుంఠపాళిలో ఏ పాము ఎక్కడుందో పిల్లలకి కూడా తెలుసు, ఉత్కంఠంతా పాచిక మీదే. ఇక్కడ ఉత్కంఠ మలుపు అవతల ఉంది. పెట్టేదాకా అక్కడ ఏమీ లేకపోవడమే టైలుకున్న అసలు బలం. ఆట మొదలుకాకముందే ఇరవై టైల్స్ బల్లనిండా పరిచేస్తే ఆ బలం అక్కడే పోయింది. ఆటగాళ్లు కూర్చోగానే చివరి గది ఏదో, దానికి దగ్గరి దారి ఏదో కళ్లతోనే కొలిచేసుకుంటారు. 1989లో వచ్చిన హీరోక్వెస్ట్‌లో బోర్డు మీద గదులన్నీ ముందే అచ్చయి ఉంటాయి. రాక్షసులు, సామాన్లు తర్వాతే వచ్చినా, తలుపు తీయకముందే లోపలి గది కొలత కనిపిస్తూనే ఉంటుంది. 1995లో గేమ్స్ వర్క్‌షాప్ తెచ్చిన వార్‌హామర్ క్వెస్ట్‌లో అలా కాదు. పేకలోంచి ఒక ముక్క తీస్తేనే తర్వాతి టైలు ఏదో తేలుతుంది. టైలు స్వభావాన్ని సరిగ్గా పట్టుకున్న ఆట అది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. టైలు అప్పటికప్పుడు పెట్టేటట్టయితే, ఆటగాళ్లు ఎడమకి తిరిగినా కుడికి తిరిగినా గేమ్ మాస్టరు తను అనుకున్న గదినే ముందు పెట్టెయ్యవచ్చు. అప్పుడు వాళ్ల నిర్ణయానికి విలువేముంది? ఈ అనుమానం న్యాయమైనదే. అయితే ఆలస్యంగా పెట్టడం వేరు, ఆలస్యంగా నిర్ణయించడం వేరు. టైల్స్ వెనక అంకెలు వేసి, ఏది దేనికి ఆనుకుని ఉంటుందో ముందే నోటుపుస్తకంలో గీసుకుని, ఆ వరసలోనే దొంతి పెట్టుకుంటే మోసానికి తావుండదు. ఆట మధ్యలో పెట్టె వెతుకుతూ కాలం వృథా అవుతుందన్న ఫిర్యాదుకీ ఆ దొంతే జవాబు. ఖరీదంటారా, పాత శుభలేఖల అట్ట మీద అంగుళం గళ్లు గీసి కత్తిరించుకున్నా పని జరుగుతుంది.

టైలు వస్తే ఊహ చచ్చిపోతుందన్నది ఇంకా లోతైన ఆక్షేపణ. ఇందులో చాలా నిజం ఉంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఒక గడి అయిదడుగులు. మామూలు మనిషి ఒక వంతులో ముప్పై అడుగులు, అంటే ఆరు గళ్లు నడుస్తాడు. గళ్లు కంటబడ్డ మరుక్షణం బల్ల దగ్గర మాటే మారిపోతుంది. ‘తలుపుకి చెవి ఆనిస్తే ఏమన్నా వినిపిస్తోందా?’ అని అడిగిన మనిషే ‘నాకింకా ఎన్ని గళ్లున్నాయి?’ అంటాడు. టైలు మీద బావి బొమ్మ ఉంటే అందరూ బావి దగ్గరికే వెళతారు. ఆ గదిలో వాసన ఎలా ఉందని ఎవరూ అడగరు. కాబట్టి ముందు మాట రావాలి. చీకటి, తడి, దూరంగా గొలుసు చప్పుడు అన్నీ చెప్పి, ఎవరెక్కడ నిలబడ్డారన్నది ప్రాణం మీదికి వచ్చినప్పుడే టైలు దిగాలి. సంతకీ అడవిదారికీ అసలు అక్కర్లేదు.

ఆ గదిలో పని ముగిశాక టైలుని బల్ల మీంచి తీసెయ్యాలి కూడా. చాలామందికి ఇది నచ్చకపోవచ్చు, పేర్చిన పటం అందంగా పెరుగుతుంటే చూడాలనిపిస్తుంది. కానీ 1974 నాటి తొలి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటల్లో గేమ్ మాస్టరు చెప్పింది విని పటం గీసుకునే పని ఆటగాళ్లదే. టైలు వెనక్కి వెళ్లిపోతే ఆ పెన్సిలు మళ్లీ వాళ్ల చేతికి వస్తుంది. గాయాలతో తిరిగి పరిగెత్తేటప్పుడు వాళ్లు నమ్ముకోవాల్సింది తాము గీసుకున్న గీతల్నే. అందులో ఒక మలుపు తప్పుగా పడి ఉంటే గేమ్ మాస్టరు దాన్ని సరిదిద్దకూడదు.